మందు వేస్తే తగ్గాల్సిన వెలుగు పెరిగింది: ఎలుకల్లో రిసెప్టర్ ఇమేజింగ్ కేసు ఒకటి

బెంగళూరులో మందుల కంపెనీల కోసం జంతు ప్రయోగాలు చేసిపెట్టే ఒక ల్యాబులో నేను ఇమేజింగ్ విభాగం చూస్తాను. ఈ కేసు కొన్నేళ్ల కిందటిది. కంపెనీ పేరు, మందు నిర్మాణం, డోసు, తేదీలు ఇక్కడ ఉండవు. రిసెప్టర్ పేరు మాత్రం దాచలేదు. సీఎక్స్‌సీఆర్4 మీద పనిచేసే కంపెనీలు ప్రపంచంలో బోలెడు, ఆ పేరు చెప్పినంత మాత్రాన ఎవరిదో తెలిసిపోదు. చెప్పకపోతే అసలు చిక్కు ఎక్కడొచ్చిందో అర్థం కాదు.

ముందే ఒప్పుకుంటాను, ఇందులో జరిగిన ఆలస్యంలో సగానికి పైగా నా వల్లే. మెషీన్ పాడవలేదు, ఎవరూ పని ఎగ్గొట్టలేదు. ఉండాల్సిన ఒక ఎలుకల గ్రూపును ఖర్చు తగ్గుతుందని నేనే తీసేయించాను.

నేపథ్యం

కణం పైపొరలో ఉండి బయటి సంకేతాలను లోపలికి చేరవేసే రిసెప్టర్లలో జీపీసీఆర్‌లది చాలా పెద్ద కుటుంబం. వాడుకలో ఉన్న మందుల్లో దాదాపు మూడో వంతు వీటి మీదే పనిచేస్తాయి. సీఎక్స్‌సీఆర్4 ఆ కుటుంబంలోదే. సీఎక్స్‌సీఎల్12 అనే చిన్న ప్రొటీన్ వచ్చి తగిలితే ఇది మేల్కొంటుంది. ఎముక మజ్జలో మూలకణాలనూ తెల్లకణాలనూ పట్టి ఉంచడంలో ఈ జంటది ముఖ్యమైన పాత్ర. మధ్యలో మందు అడ్డుపడితే ఆ కణాలు పట్టు వదిలి రక్తంలోకి వచ్చేస్తాయి. మూలకణాల సేకరణకు ముందు ఇచ్చే ప్లెరిక్సాఫోర్ ఇంజెక్షన్ చేసే పని ఇదే. అమెరికాలో దానికి 2008లో అనుమతి వచ్చింది. కొన్ని క్యాన్సర్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకడానికి కూడా ఇదే రిసెప్టర్‌ను వాడుకుంటాయి.

మా దగ్గరికి వచ్చిన చిన్న కంపెనీ ఈ రిసెప్టర్‌ను అడ్డుకునే మందును, నోటి ద్వారా ఇవ్వగలిగేలా తయారుచేస్తోంది. ప్రాజెక్టు నడిపే మేడం తెలుగావిడే. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటుకుని మొదటిసారి వచ్చినప్పుడే, మంచినీళ్లు తాగకుండానే సూటిగా అడిగారు. "ప్లేటులో మా మాలిక్యూల్ రిసెప్టర్‌ను అడ్డుకుంటోందని మాకు తెలుసండీ. బతికున్న జంతువులో, కణితి లోపల, ఎంతసేపు అడ్డుకుంటోందో మీరు చూపించగలరా?" ప్లేటంటే ల్యాబులో కణాలు పెంచే గుంతల పలక.

ఒంట్లో రేడియోధార్మిక పదార్థం ఎక్కడ చేరిందో చూపే పెట్ స్కాన్ సంగతి మాట్లాడుకున్నాం. గాలియం-68 తగిలించిన పెంటిక్సాఫోర్ అనే ట్రేసర్, అంటే అలాంటి గుర్తు పదార్థం, ఈ రిసెప్టర్‌కే అతుక్కుంటుంది. దాంతో రిసెప్టర్ ఎక్కడ ఎంత ఉందో, మందు ఎంత మేర ఆక్రమించిందో లెక్క తేలుతుంది. కానీ ఆక్రమణ వేరు, పని ఆగడం వేరు. కుర్చీలో ఎవరో కూర్చున్నారని పెట్ చెబుతుంది. కూర్చున్నవాడు ఫైలు కదిలిస్తున్నాడో తొక్కిపెడుతున్నాడో చెప్పదు. మేడంకి కావాల్సింది ఫైలు సంగతి. పైగా గాలియం-68 అర్ధాయువు 68 నిమిషాలే, అది తయారయ్యే చోటు పక్కనే స్కానర్ ఉండాలి. అందుకని వెలుగు పద్ధతి ఎంచుకున్నాం.

ఆ పద్ధతి ఇలా ఉంటుంది. మిణుగురు పురుగులో వెలుగు పుట్టించే ఎంజైమ్ లూసిఫెరేజ్. దాన్ని రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను రిసెప్టర్ తోకకు, రెండో ముక్కను బీటా-అరెస్టిన్ అనే ప్రొటీన్‌కు అతికిస్తాం. రిసెప్టర్ మేల్కొంటే అరెస్టిన్ దాని తోక దగ్గరికి వస్తుంది. ముక్కలు రెండూ కలిసి ఎంజైమ్ పూర్తవుతుంది. దాని ఇంధనమైన లూసిఫెరిన్, ఆక్సిజన్, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అందితే వెలుగు వస్తుంది. రిసెప్టర్‌ను అడ్డుకుంటే అరెస్టిన్ రాదు, వెలుగు తగ్గుతుంది. వినడానికి స్విచ్చు వేసినట్టు, తీసినట్టు ఉంటుంది.

ఇంకో రకం వెలుగు ఎంజైమ్ నానోలూసిఫెరేజ్ వాడొచ్చు కదా అని మా కుర్రాళ్లు అడిగారు. ప్లేటులో అది బాగా వెలుగుతుంది, నిజమే. కానీ దాని వెలుగు 460 నానోమీటర్ల దగ్గర, నీలం. రక్తంలోని హీమోగ్లోబిన్ దాన్ని మింగేస్తుంది. మిణుగురు లూసిఫెరేజ్ వెలుగు శరీర ఉష్ణోగ్రత దగ్గర ఎరుపు వైపు, 610 నానోమీటర్ల ప్రాంతానికి జరుగుతుంది. చర్మం దాటి కెమెరాకు చేరాలంటే ఇదే మేలు.

ఈ ముక్కలున్న మానవ క్యాన్సర్ కణాలను బొచ్చులేని న్యూడ్ మైస్‌లో చర్మం కింద పెంచాం. మనిషి రిసెప్టర్‌కు ఎలుక సంకేతం పనిచేస్తుందా అన్న అనుమానం మీకూ వచ్చి ఉంటుంది. మనిషి సీఎక్స్‌సీఎల్12కీ ఎలుకదానికీ తేడా ఒకే ఒక్క అమైనో ఆమ్లం. ఎలుక ఒంట్లో ఉన్నదే సరిపోతుంది, బయటి నుంచి ఎక్కించక్కర్లేదు.

వచ్చిన సమస్య

మొదటి ప్రయోగంలో మూడు గ్రూపులు. మందు లేని ద్రావణం ఒకదానికి, ప్లెరిక్సాఫోర్ ఒకదానికి, కంపెనీ మందు ఒకదానికి. నాలుగో గ్రూపు ఒకటి ఉండాల్సింది. రిసెప్టర్‌తో సంబంధం లేకుండా, ముక్కలు చేయని పూర్తి లూసిఫెరేజ్ ఎప్పుడూ వెలుగుతుండే కణాల గ్రూపు, పోల్చి చూసుకోవడానికి పెట్టే కంట్రోల్. మొదటి డ్రాఫ్టులో రాశాను. బడ్జెట్ మాట వచ్చినప్పుడు "ప్లెరిక్సాఫోర్ ఉంది కదా, కంట్రోల్‌కి అది చాల్లే" అని నేనే కొట్టేశాను. జంతువుల సంఖ్య తగ్గితే ఎథిక్స్ కమిటీలో ఫారం-బి, అంటే జంతు ప్రయోగానికి అనుమతి దరఖాస్తు, కూడా త్వరగా దాటుతుందని ఒక ఆశ.

మందు ఇచ్చిన గంటకు ఎలుక కడుపులోకి లూసిఫెరిన్ ఇంజెక్షన్. కిలోకు 150 మిల్లీగ్రాములు, అంటే 20 గ్రాముల ఎలుకకు 3 మిల్లీగ్రాములు, 200 మైక్రోలీటర్లలో. తర్వాత ఐసోఫ్లూరేన్ మత్తు, వెచ్చటి పలక మీద వరసగా పడుకోబెట్టడం, చీకటి పెట్టె తలుపు మూయడం. ఆ కెమెరాను మైనస్ 90 డిగ్రీల దాకా చల్లబరచి ఉంచుతాం. ఎండాకాలంలో కరెంటు పోయి వచ్చిందంటే అది మళ్లీ చల్లబడేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడమే.

ప్లెరిక్సాఫోర్ గ్రూపులో వెలుగు చక్కగా పడిపోయింది. కంపెనీ మందు గ్రూపులో దాదాపు రెండున్నర రెట్లు పెరిగింది.

స్క్రీన్ మీద ఆ బొమ్మ చూసినప్పుడు ముందు రంగుల స్కేలు సరిచూశాను. ఈ సాఫ్ట్‌వేర్లు ఒక్కో ఫొటోకు స్కేలును వాటంతట అవే మార్చుకుంటాయి. మసక వెలుగు కూడా ఎర్రగా కనబడుతుంది. కొత్తవాళ్లు రంగు చూసి మోసపోతారు. అన్ని ఫొటోలకూ ఒకే స్కేలు పెట్టి, కణితి చుట్టూ గీసిన గుండ్రంలో ఫోటాన్ల, అంటే వెలుగు రేణువుల, లెక్క తీశాను. తేడా నిజమే.

అంతకంటే పెద్ద చిక్కు, అదే ఎలుకల రక్తంలో తెల్లకణాలు పెరిగాయి. ప్లెరిక్సాఫోర్ ఇచ్చిన వాటిలో పెరిగినట్టే. అంటే రక్తం చూస్తే రిసెప్టర్ మూతపడింది, వెలుగు చూస్తే రిసెప్టర్ రెచ్చిపోయింది.

ఫోన్లో విషయం చెప్పగానే మేడం కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మా మాలిక్యూల్ రిసెప్టర్‌ను మూస్తోందా, తెరుస్తోందా? వచ్చే నెల బోర్డు మీటింగులో నేను ఏం చెప్పాలండీ?" అన్నారు. ఆమె టెన్షన్ న్యాయమైనదే. అడ్డుకునే మందు అని డబ్బు తెచ్చుకుని రెచ్చగొట్టే మందు తయారుచేశారంటే ప్రాజెక్టు మూసేయడమే.

ఏ ఆధారాన్ని నమ్మాలి? నేను వెలుగును నమ్మాను. కారణం శాస్త్రీయమైనదేం కాదు, ఆ మెషీన్ నాది. తెల్లకణాలు భయానికీ, మందు తాగించేటప్పుడు పట్టుకునే ఒత్తిడికీ కూడా పెరుగుతాయి కదా అని రక్తం లెక్కనే అనుమానించాను. అదే ఒత్తిడి ద్రావణం గ్రూపుకూ ఉంది, వాటిలో పెరగలేదు. ఆ మాట నాకు అప్పుడే తట్టాలి. పైగా ప్లెరిక్సాఫోర్ గ్రూపు సరిగ్గా వచ్చిందన్న ధైర్యం ఒకటి. రిసెప్టర్ మూతపడితే వెలుగు తగ్గుతుందని ఆ గ్రూపు చూపించింది, అంతవరకే. వెలుగు మారిన ప్రతిసారీ కారణం రిసెప్టరేనని అది చూపించలేదు. ఈ రెండూ ఒకటి కావని నాకు చాలా ఆలస్యంగా తెలిసొచ్చింది.

చేసి చూసినవి, చెడినవి

ముందు చిల్లర అనుమానాలు తీర్చుకున్నాం. కడుపులోకి ఇచ్చే ఇంజెక్షన్ ఒక్కోసారి పేగులోకి పోతుంది, అప్పుడు వెలుగు తగ్గుతుంది గానీ పెరగదు. మందు కలిపిన ద్రావణం రెండు గ్రూపులకూ ఒకటే. మత్తు మోతాదు కూడా చూశాం. మత్తుమందులు లూసిఫెరేజ్‌ను నేరుగా అణిచేస్తాయని ఫ్రాంక్స్, లీబ్ 1984లోనే చూపించారు. అందుకే మా దగ్గర ఐసోఫ్లూరేన్ శాతం, మత్తులో ఉంచే నిమిషాలు అన్ని గ్రూపులకూ ఒకేలా రాసి పెడతాం. అక్కడా తేడా లేదు. కొద్ది ఎలుకలతో మళ్లీ చేస్తే మళ్లీ అదే పెరుగుదల.

ఆ తర్వాత నాకొక సిద్ధాంతం దొరికింది. ఈ కేసులో నెల రోజులు పోయింది దాని వల్లే.

ఫింగోలిమాడ్ అనే మందు ఉంది, మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు ఇస్తారు. అది ఒంట్లో మారి, ఎస్1పీ1 అనే రిసెప్టర్‌ను మొదట రెచ్చగొడుతుంది. రెచ్చిపోయిన రిసెప్టర్‌ను కణం లోపలికి లాగేసుకుంటుంది. పైపొర మీద రిసెప్టరే మిగలక, చివరికి అడ్డుకున్న ఫలితమే వస్తుంది. మా మందు కూడా అలాంటిదేనేమో! అరెస్టిన్‌ను పిలుస్తోంది కాబట్టి వెలుగు పెరిగింది. రిసెప్టర్ లోపలికి పోయింది కాబట్టి మజ్జలోని కణాలు పట్టు వదిలాయి. కొట్టుకుంటున్న రెండు ఆధారాలూ ఒక్క దెబ్బకు రాజీపడ్డాయి. వైట్‌బోర్డు మీద బొమ్మ గీసి చూపిస్తే గదిలో అందరూ తలూపారు. మేడం ముఖంలో కూడా కొంచెం వెలుగొచ్చింది. ఇది కొత్త రకం మందు అవుతుంది, బోర్డుకు చెప్పుకోవడానికి బాగుంటుంది.

ఆ సిద్ధాంతానికి రెండు పరీక్షలు పెట్టొచ్చు. ఒకటి, ప్లేటులో ఆ మందు ఒక్కటే వేస్తే అరెస్టిన్ రావాలి. రెండు, ఎలుక కణితి కణాల పైపొర మీద రిసెప్టర్ తగ్గాలి. మొదటిది అంతకుముందే కంపెనీ చేసింది, అరెస్టిన్ రాలేదు. "ప్లేటు వేరు, జంతువు వేరు" అని దాన్ని నేనే పక్కన పెట్టాను. ఎలుక ఒంట్లో మందు ఇంకో పదార్థంగా మారి ఆ పని చేస్తోందేమో అని ఇంకో మాట తగిలించాను. ఒక సిద్ధాంతాన్ని నిలబెట్టడానికి రెండో ఊహ తెచ్చుకోవాల్సి వచ్చినప్పుడే ఆగి ఉండాల్సింది. రెండో పరీక్షకు కణితులు తీసి, రిసెప్టర్‌కు అతుక్కునే యాంటీబాడీ కట్టి, కణాలను ఒక్కొక్కటిగా కొలిచే ఫ్లో సైటోమీటర్‌లో లెక్కించాం. పైపొర మీద రిసెప్టర్ ఏమీ తగ్గలేదు. బోర్డు మీది బొమ్మ తుడిచేశాను.

ఇక అప్పుడు, మొదట కొట్టేసిన గ్రూపును తిరిగి తెచ్చాను. పూర్తి లూసిఫెరేజ్ ఉన్న కణాలు మా ఫ్రీజర్లో పాత స్టాకు ఉన్నాయి. అవి పెంచి, మందు ఇచ్చి చూశాం. వెలుగు కొద్దిగా పెరిగింది, ఒకటిన్నర రెట్ల లోపే. ఇక్కడ రెండోసారి తప్పటడుగు వేశాను. "రెండున్నరలో ఇంత భాగం ఏదో మామూలు ప్రభావం, మిగతాది రిసెప్టర్‌దే" అని కంపెనీకి రాసి పంపాను. భాగించేస్తే సరిపోయిందనుకున్నాను. ఆ కొద్దిపాటి పెరుగుదల అసలు ఎందుకు రావాలి అని అడగలేదు. రిసెప్టర్‌తో సంబంధమే లేని కణాల్లో రిసెప్టర్ మందు వెలుగు పెంచిందంటే, అదే అసలు ప్రశ్న.

దారి దొరికింది

దారి చూపినవాడు మా టెక్నీషియన్. బాగేపల్లి వైపు కుర్రాడు, ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, బయట కన్నడం. పని అయ్యాక ఎలుకలను బోనుల్లో పెట్టేముందు, ఫోకస్ సరిచూసుకోవడానికి ఇంకొక ఫొటో తీశాడు. ఇంజెక్షన్ ఇచ్చి అప్పటికి 40 నిమిషాలు దాటింది. నన్ను పిలిచి, "సార్, ఇది చూడండి. మందు పడిన వాటికి ఇంకా దీపం ఆరలే. మిగతావి ఎప్పుడో ఆరిపోయినాయి" అన్నాడు.

లూసిఫెరిన్ ఇచ్చాక వెలుగు పెరిగి, పది పదిహేను నిమిషాల దగ్గర పైకి చేరి, తర్వాత దిగిపోవడం మామూలు. మేము ప్రతిసారీ 12వ నిమిషంలో ఒకే ఒక్క ఫొటో తీసేవాళ్లం. అతను చూపించింది వెలుగు ఎత్తు కాదు, ఆకారం. మరునాడు ఇంజెక్షన్ దగ్గర నుంచి రెండు నిమిషాలకొకటి చొప్పున 50 నిమిషాలు ఫొటోలు తీసి, గ్రాఫు కాగితం మీద చేత్తోనే చుక్కలు పెట్టాం. ద్రావణం గ్రూపు గీత గోపురంలా లేచి దిగింది. మందు గ్రూపు గీత ఆలస్యంగా పైకి చేరి, దిగడానికి మనసొప్పనట్టు అక్కడే ఉండిపోయింది.

ఆ ఆకారం చూశాక ఆలోచన మారింది. రిసెప్టర్ మీద అరెస్టిన్లు ఎక్కువ చేరితే ఎంజైమ్ ఎక్కువవుతుంది. గీత మొత్తం పైకి లేస్తుంది, కానీ లేచే వేళ, దిగే వేళ పెద్దగా మారవు. మందు లూసిఫెరేజ్‌కే అతుక్కుని దాన్ని చెడిపోకుండా కాపాడినా అంతే. పీటీసీ124 అనే మందు విషయంలో అలాంటి మోసం జరిగిందన్న వాదన మా రంగంలో అందరికీ తెలుసు. మేమూ శుద్ధి చేసిన ఎంజైమ్‌తో ఆ పరీక్ష చేశాం, మా మందు దాన్ని తాకలేదు. దిగడం ఆలస్యమైందంటే మారింది ఎంజైమ్ కాదు, దానికి అందే ఇంధనం. లూసిఫెరిన్ కణాల్లోంచి బయటికి పోవడం లేదు.

లూసిఫెరిన్‌ను కణం నుంచి బయటికి తోసే పంపు ఒకటుంది, ఏబీసీజీ2. రొమ్ము క్యాన్సర్ కణాలు మందులకు లొంగకపోవడానికి కారణం వెతుకుతూ 1998లో గుర్తించారు. బీసీఆర్‌పీ అన్న రెండో పేరు అక్కడి నుంచే వచ్చింది. లూసిఫెరిన్ ఈ పంపుకు సరుకే అని 2007 నుంచీ తెలుసు. నేను చదివాను కూడా. చదివింది వేళకు గుర్తు రాలేదు.

ఇప్పుడు మూడు పరీక్షలు, చవకదాని నుంచి ఖరీదైనదాని వరకు. ఎలుకలు ఆఖర్న.

మొదటిది ప్లేటులో. మేమూ కంపెనీ ప్లేటు పరీక్షల్లో లూసిఫెరిన్ ఎప్పుడూ ధారాళంగా పోస్తాం. అంత ఉంటే పంపు తోసినా తోయకపోయినా కణానికి లోటు ఉండదు. పదో వంతుకు తగ్గించి చేశాం. పూర్తి లూసిఫెరేజ్ కణాల్లో మందు వేయగానే వెలుగు పెరిగింది. ఆ పంపును ఆపే కేఓ143 అనే పదార్థం వేస్తే కూడా అలాగే పెరిగింది. ప్లేటు అబద్ధం చెప్పలేదు, మేమే దానికి కడుపునిండా తిండి పెట్టి ఆకలి గురించి అడిగాం.

రెండోది కంపెనీ చేతిలో ఉంది. వాళ్ల మందుకు అద్దంలో బొమ్మలాంటి జంట రూపం ఒకటి ఉంది. రిసెప్టర్‌కు అది సరిపోదు, కుడిచేతి తొడుగు ఎడమచేతికి పట్టనట్టు. "అది మీ దగ్గర మిగిలి ఉందా?" అని అడిగితే మేడం, "పనికిరాదని పక్కన పడేశామండీ, వెతికిస్తాను" అన్నారు. రెండు రోజుల తర్వాత రేకు చుట్టిన చిన్న సీసా ఐస్ బాక్సులో వచ్చింది. పనికిరాదనుకున్న ఆ రూపం కూడా వెలుగును అసలు మందుతో దాదాపు సమానంగా పెంచింది. రిసెప్టర్‌ను తాకలేనిది వెలుగు పెంచుతోందంటే ఆ పెరుగుదలకు రిసెప్టర్‌తో పని లేదు. నాకు సందేహం పూర్తిగా తీరింది ఈ ఒక్క పరీక్షతోనే. పంపుకు కుడి ఎడమల పట్టింపు లేదన్నమాట.

మూడోది, పాత స్టాకు కణాలు ఎందుకు కొద్దిగానే పెరిగాయన్నది. ఏబీసీజీ2 యాంటీబాడీతో చూస్తే, ఆ పాత కణాల మీద పంపులు చాలా తక్కువ. రిసెప్టర్ ముక్కలున్న కణాల మీద ఎక్కువ. ఒకే మూలం నుంచి వచ్చినా, వేరు వేరు కాలాల్లో వేరు వేరు క్లోన్లు, అంటే ఒక్క కణం నుంచి పెంచిన సంతతులు, ఎంచుకుంటూ వచ్చాం, దారిలో తేడా వచ్చేసింది. పంపు తక్కువున్నచోట దాన్ని ఆపితే తేడా ఎంత తెలుస్తుంది? నేను భాగించిన లెక్కకు అర్థమే లేదు. కంపెనీకి ఉత్తరం రాసి ఆ అంకె వెనక్కి తీసుకున్నాను. అది రాయడానికి ఒక పూట పట్టింది.

మళ్లీ కట్టిన ప్రయోగం

ఎథిక్స్ కమిటీకి మళ్లీ వెళ్లాలి. జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్‌ఈఏ నియమాల ప్రకారం అనుమతించిన సంఖ్య దాటి ఒక్క ఎలుకను కూడా వాడకూడదు. బయటి సభ్యుడొకరు ఫారం తిరగేస్తూ, "ఈ కంట్రోల్ గ్రూపు మొదటే ఎందుకు పెట్టలేదు?" అని అడిగారు. ఖర్చు తగ్గించడానికని చెప్పాను. "తగ్గిందా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. వృథాగా పోయిన ఎలుకల లెక్క ఆయన ముందున్న కాగితంలోనే ఉంది.

ఈసారి ప్రతి ఎలుకకూ రెండు కణితులు. ఎడమ పక్క రిసెప్టర్ ముక్కలున్న కణాలు, కుడి పక్క పూర్తి లూసిఫెరేజ్ కణాలు. రెండూ ఒకే రోజు, ఒకే మూలం నుంచి కొత్తగా చేసి, ఏబీసీజీ2 సమానంగా ఉన్న క్లోన్లనే ఏరాం. ఈ ఏరడానికే ఎక్కువ కాలం పట్టింది. ఈ పంపు కణితిలోనే కాదు, ఎలుక పేగులో, కాలేయంలో, మూత్రపిండాల్లో కూడా ఉంటుంది. మందు అక్కడ దాన్ని ఆపితే రక్తంలో లూసిఫెరిన్ లెక్కే మారిపోతుంది. రెండు కణితులకూ ఒకే రక్తం అందుతుంది కాబట్టి ఆ తేడా రెండు వైపులా సమానంగా పడుతుంది. వేరు వేరు ఎలుకల్లో కంట్రోల్ పెడితే ఈ సుఖం ఉండదు.

రెనిల్లా అనే సముద్రజీవి లూసిఫెరేజ్‌ను రెండో రంగుగా వాడితే ఒకే కణితిలో రెండు లెక్కలూ వస్తాయి కదా అని చర్చ వచ్చింది. దానికి ఇంధనం సీలెంటరజీన్. దాన్ని పీ-గ్లైకోప్రొటీన్ అనే ఇంకో పంపు తోసేస్తుంది. ఒక పంపు బాధ పడలేక ఇంకో పంపు దగ్గరికి పోయినట్టు అవుతుందని వదిలేశాం. చర్మం కింద చిన్న పరికరం పెట్టి లూసిఫెరిన్‌ను నిలకడగా వదిలే పద్ధతి కూడా ఉంది. అది శస్త్రచికిత్స, ఎలుకకు అదనపు బాధ. రెండు కణితులతో పని జరుగుతుంటే దాని అవసరం లేదనుకున్నాం.

కణితులు ఆరు మిల్లీమీటర్లు దాటకముందే ఇమేజింగ్ చేశాం. పెద్దవైతే నడిమధ్య ఆక్సిజన్ అందదు, వెలుగు దానంతట అదే తగ్గుతుంది. ఒక్క ఫొటో అలవాటు మానేసి, ప్రతి ఎలుకకూ మొత్తం గీత తీసుకుని, గీత కింది వైశాల్యం కొలిచాం. ప్రతి ఎలుకకూ మందు ముందు రోజు ఒక గీత, మందు రోజు ఒక గీత. ఎడమను కుడితో భాగించి, ఆ నిష్పత్తి ముందురోజుతో పోలిస్తే ఎంత మారిందో చూశాం. గ్రూపు ఏదో తెలియకుండా కణితి చుట్టూ గుండ్రాలు గీసే పని ఇంకొకరికి అప్పగించాను. నేను గీస్తే నా ఆశ కూడా ఆ గుండ్రంలోకి వస్తుంది.

కంపెనీ మందు గ్రూపులో రెండు కణితులూ ముందురోజు కంటే ఎక్కువే వెలిగాయి. కానీ ఎడమది కుడి దానంత పెరగలేదు. నిష్పత్తి స్పష్టంగా పడిపోయింది, ప్లెరిక్సాఫోర్ గ్రూపు దరిదాపుల్లోకి. అద్దం బొమ్మ రూపం ఇచ్చిన గ్రూపులో రెండూ సమానంగా పెరిగాయి, నిష్పత్తి కదల్లేదు. రక్తంలో తెల్లకణాలు అసలు మందుకు పెరిగాయి, అద్దం బొమ్మకు పెరగలేదు. రక్తం మొదటి రోజు నుంచీ నిజమే చెబుతోంది. ఎన్ని గంటలు అడ్డుకుంటోందన్న మేడం మొదటి ప్రశ్నకు కూడా, వేరు వేరు వేళల్లో ఇదే నిష్పత్తి తీసి జవాబిచ్చాం.

తర్వాత

మేడం సంతోషించారు, వెంటనే దిగులుపడ్డారు. మందు రిసెప్టర్‌ను మూస్తోంది, బాగుంది. కానీ ఏబీసీజీ2ను కూడా ఆపుతోంది, అది మందుకు మంచిది కాదు. కొలెస్ట్రాల్‌కు వాడే రోసువాస్టాటిన్ లాంటి మందులు ఒంట్లోకి చేరడంలో, బయటికి పోవడంలో ఈ పంపుకు భాగం ఉంది. రెండూ కలిపి వేసుకున్న రోగికి రోసువాస్టాటిన్ మోతాదు రక్తంలో పెరిగిపోవచ్చు. కొత్త మందు ఈ పంపును ఆపుతుందో లేదో ఔషధ నియంత్రణ సంస్థలు ఎలాగూ అడుగుతాయి. వాళ్ల కెమిస్టులు నిర్మాణంలో ఒక పక్క మార్పులు మొదలుపెట్టారు. తర్వాత వచ్చిన రూపాలను మేము ఎలుకల దాకా తీసుకెళ్లకుండానే, తక్కువ లూసిఫెరిన్ ప్లేటు మీద వడపోసి పంపేవాళ్లం. వాటిలో ఒకటి వెలుగును అసలు పెంచలేదని చెప్పిన రోజు ఆవిడ మైసూర్ పాక్ డబ్బా పంపించారు.

మా దగ్గర పద్ధతులు కొన్ని మారాయి. కొత్త మందు ఏది వచ్చినా తక్కువ లూసిఫెరిన్ ప్లేటు ముందు పూర్తవ్వాలి. పూర్తి లూసిఫెరేజ్ కంట్రోల్ ఖర్చును కొటేషన్‌లో విడి లైనుగా చూపించడం మానేశాం, ధరలోనే కలిపేశాం. విడిగా కనిపిస్తే ఎవరో ఒకరు కొట్టేస్తారు, ఒకప్పుడు నేను కొట్టేసినట్టే. కణాల స్టాకు సీసా మీద తేదీతో పాటు పంపు కొలత కూడా రాస్తున్నాం. ఫారం-బి డ్రాఫ్టులో "ఈ మందు రిసెప్టర్‌ను తాకకుండానే ఈ వెలుగును మార్చగల దారులు ఏవి?" అని ఒక గడి చేర్చాను. చాలామంది మొదటిసారి దాన్ని ఖాళీగా వదిలి పంపుతారు. నేను తిప్పి పంపుతాను.

ఇమేజింగ్ గదిలో కెమెరా పక్క గోడకు ఆ గ్రాఫు కాగితం ఇంకా అంటించే ఉంది. పెన్సిల్ చుక్కలు కొంచెం చెదిరాయి. ఒక మూల బాగేపల్లి కుర్రాడు ఆ రోజే రాసుకున్న అక్షరాలు ఉన్నాయి: "40 నిమి. ఇంకా ఆరలే."